పాత పశువుల ఆసుపత్రి చరిత్ర ఎలా రాయాలి? ముందు బీరువా తాళం తీయించండి

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. ప్రకాశం జిల్లాలో పాత తాలూకా కేంద్రమైన మీ ఊళ్ళో పశువుల ఆసుపత్రి పెంకుటిల్లు పడగొట్టి కొత్త బిల్డింగ్ కట్టబోతున్నారు. ఎప్పుడు కట్టారో, ఎవరు పెట్టించారో చెప్పే శిలాఫలకం ఏదీ లేదు. మీరు రాస్తున్న ఊరి చరిత్రలో ఆ ఆసుపత్రికి కూడా కొన్ని పేజీలు ఇవ్వాలని ఉంది. ఎక్కడ వెతకాలి, అసలు అన్నేళ్ళూ అక్కడ ఏం జరిగేది?

నేను తిరుపతి వెటర్నరీ కాలేజీలో చదువుకుని 1975లో ఉద్యోగంలో చేరాను. ముప్పై నాలుగేళ్ళ సర్వీసులో సగానికి పైగా మీ జిల్లాలోనే, మీరు చెప్పినలాంటి పెంకుటిళ్ళలోనే గడిచింది. అందుకే మీ ప్రశ్న చూడగానే రాయకుండా ఉండలేకపోయాను.

ముందు తొందర పని చెబుతాను. బిల్డింగ్ ఖాళీ చేసే రోజు మొట్టమొదట పోయేవి పుస్తకాలు. నేను పనిచేసిన ఒక ఊళ్ళో, నాకు బదిలీ అయిన తర్వాత, అటక మీద ఉన్న రిజిస్టర్లన్నీ పాత పేపర్లవాడికి తూకానికి వేసేశారు. అందులో 1930ల నాటి తనిఖీ పుస్తకం ఒకటి ఉండేది. చేత్తో పట్టుకుని చదివినవాణ్ణి కాబట్టి ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ కడుపులో దేవినట్టు ఉంటుంది. మీరు రేపే వెళ్ళి అక్కడి డాక్టరుగారిని కలవండి. ఫలానా పని కోసమని చెప్పి అనుమతి తీసుకుని, బీరువాలోవీ అటక మీదవీ ఒక్కొక్క పుస్తకం మొదటి పేజీ నుంచి ఫోన్లో ఫొటో తీసుకోండి. ఓపీ రిజిస్టర్, టీకాల రిజిస్టర్, ఎద సూదుల (కృత్రిమ గర్భధారణ) రిజిస్టర్, ఈతల (పుట్టిన దూడల) రిజిస్టర్, సామాన్ల రిజిస్టర్, తనిఖీ పుస్తకం. ఇవి దొరికితే మీ చరిత్ర ముప్పాతిక దొరికినట్టే. భవనం ఎప్పుడు కట్టారన్నది కూడా తరచుగా సామాన్ల రిజిస్టర్లోనే బయటపడుతుంది. బల్లలు, కుర్చీలు, తూకపు రాళ్ళు మొదటిసారి రాసుకున్న తేదీ చూడండి.

ఇక అసలు కథ. ఇవాళ పశువుల ఆసుపత్రి అనగానే అందరికీ పాలు గుర్తొస్తాయి. మీ ఆసుపత్రి లాంటివి పుట్టిన రోజుల్లో పాల ఊసే లేదు. వాటిని పెట్టించింది పెద్దరోగం. పుస్తకాల్లో ముసర వ్యాధి అని రాస్తారు, ఇంగ్లీషులో రిండర్‌పెస్ట్. మా ముందు తరం రైతులు దాన్ని పెద్దరోగం అనే అనేవారు, ఆ మాట కూడా గట్టిగా అనేవారు కాదు. మొదట ఒళ్ళు కాలే జ్వరం. తర్వాత చిగుళ్ళ మీద, నాలుక కింద తవుడు చల్లినట్టు పొక్కులు. కళ్ళ వెంట, ముక్కు వెంట చీము. చివరికి భరించలేని వాసనతో నెత్తురు విరేచనాలు. వారం పది రోజుల్లో పశువు పడిపోయేది. రోగం ఎరగని మందలో చొరబడితే పదింట తొమ్మిది పోవడం కూడా ఉండేది. సేద్యం మొత్తం ఎద్దు మెడ మీద నడిచే కాలంలో జత ఎద్దులు పోయిన రైతుకు ఆ ఏడు పొలం పోయినట్టే.

బ్రిటిష్ ప్రభుత్వం కళ్ళు తెరిచింది కూడా దీని దెబ్బకే. పశువుల మహమ్మారి మీద వేసిన కమిషన్ 1871లో నివేదిక ఇచ్చింది. 1889లో పూనాలో బాక్టీరియా పరిశోధనశాల పెట్టారు. 1893లో దాన్ని కుమావూ కొండల్లోని ముక్తేశ్వర్‌కు తరలించారు. ప్రమాదకరమైన రోగాల మీద పని కాబట్టి జనానికీ పశువులకూ దూరంగా ఉండాలని అంత ఎత్తున పెట్టుకున్నారు. నేటి భారత పశువైద్య పరిశోధన సంస్థకు మూలం అదే. మన వైపు, 1903లో మద్రాసు సైదాపేటలో వెటర్నరీ కాలేజీ మొదలై 1905లో వేపేరికి మారింది. ఆంధ్ర జిల్లాల తొలి పశువుల డాక్టర్లు అక్కడి నుంచి వచ్చినవాళ్ళే. పాత తనిఖీ పుస్తకాల్లో పేరు పక్కన జి.ఎం.వి.సి. అని కనిపిస్తుంది. మద్రాసు వెటర్నరీ కాలేజీలో చదివినవాడు అని దాని అర్థం. ఆ అక్షరాలు కనిపిస్తే మీరు బాగా పాత పేజీలో ఉన్నట్టు లెక్క, ఎందుకంటే అక్కడ బి.వి.ఎస్సీ. డిగ్రీ వచ్చింది 1930ల నడుమ.

ఆసుపత్రి రాకముందు ఊళ్ళు ఏం చేశాయన్నది కూడా రాయండి, దాన్ని మూఢనమ్మకం అని ఒక్క మాటతో కొట్టిపారేయకండి. పెద్దరోగం వచ్చిందంటే పోలేరమ్మకు కుంభం పోసి, పొలిమేర చుట్టూ పొలి చల్లి, ఊరు కట్టడి చేసేవారు. కట్టడి ఉన్నన్ని రోజులూ ఊరి పశువు పొలిమేర దాటకూడదు, బయటి పశువు లోపలికి రాకూడదు, బండి కూడా కదలకూడదు. పశువైద్యుడిగా నేను చెబుతున్నాను, మందూ టీకా లేని కాలంలో ఆ రోగానికి చేయదగిన సరైన పని అదే. మా పాఠాల్లో క్వారంటైన్ అని చదువుకున్నది ఊళ్ళో అప్పటికే అమ్మవారి పేరుతో నడుస్తూ ఉంది. మీ ఊళ్ళో ఎనభై దాటిన ఆడవాళ్ళను అడగండి, కట్టడి నాటి సంగతులు వాళ్ళ అమ్మల నోట విన్నవాళ్ళు ఇంకా ఉండి ఉంటారు.

తొలి డాక్టర్ల చేతిలో ఉన్న ఆయుధం సీరం, అంటే రోగాన్ని తట్టుకున్న పశువు నెత్తురు నుంచి తీసిన ద్రవం. వేసిన కొన్ని రోజులు మాత్రం కాపాడుతుంది. దానితో పాటు రోగం ఉన్న పశువు నెత్తురు కూడా కొద్దిగా ఎక్కించి శాశ్వత రక్షణ తెప్పించే పద్ధతి కూడా ఉండేది, ఖర్చూ ఎక్కువే, ప్రమాదమూ ఎక్కువే. మలుపు 1927 ప్రాంతంలో వచ్చింది. ముక్తేశ్వర్‌లో జె.టి. ఎడ్వర్డ్స్ అనే శాస్త్రవేత్త ఆ వైరస్‌ను మేకల్లో వరసగా పెంచుతూ పోతే అది పశువులను చంపే గుణం తగ్గించుకుని, రక్షణ ఇచ్చే గుణం నిలుపుకుంది. అదే మేక టీకా. రిజిస్టర్లో జి.టి.వి. అని ఉంటుంది. 1954లో దేశమంతటా రిండర్‌పెస్ట్ నిర్మూలన కార్యక్రమం మొదలయ్యాక ఈ టీకా ఊరూరా వెళ్ళింది. మీ ఆసుపత్రి టీకాల రిజిస్టర్లో ఆ ఏళ్ళ పేజీలు ఒకసారి తిరగేయండి. ఊరి పేరు, తేదీ, సంఖ్య. అంతే ఉంటుంది. ఆ ఒక్కొక్క వరస వెనక ఐసు, ఫ్లాస్కు, సైకిలు, ఎండ ఉన్నాయి.

మా దగ్గర అటెండరుగా రిటైరైన ఒక పెద్దాయన ఆ రోజుల గురించి చెప్పేవాడు. టీకా వాళ్ళు వస్తున్నారంటే పశువులను తెల్లవారుజామునే అడవికి తోలేసేవారట. మేక టీకా వేసిన తర్వాత కొన్నిటికి జ్వరం రావడం, ఒకటి రెండు రోజులు పాలు తగ్గడం నిజమే, అందుకని భయం. ఊరి పెద్ద తన సొంత ఎడ్లను ముందు తోలుకొచ్చి నిలబెడితే తప్ప మిగతావాళ్ళు కదిలేవారు కారు. ఆ అటెండరు పెద్దాయన చదువు మూడో తరగతి. చేత్తో పట్టుకుని చూసి టీకా ఇంకా చల్లగా ఉందో, చెడిపోయిందో చెప్పేవాడు. కరిగించిన టీకా కొన్ని గంటలు దాటితే పనికిరాదు. మిగిలింది పారబోయాల్సిందే అని కొత్తగా వచ్చిన డాక్టర్లకు కూడా గుర్తుచేసింది ఆయనే. మీరు రాసే పేజీల్లో డాక్టర్ల పేర్లు ఎలాగూ వస్తాయి. దయచేసి అటెండర్లనూ కాంపౌండర్లనూ వదలకండి. డాక్టరు మూడేళ్ళకోసారి మారతాడు, వాళ్ళు ముప్పై ఏళ్ళు అక్కడే ఉంటారు.

మీ జిల్లాకు ఇంకో ప్రత్యేకత ఉంది, ఒంగోలు జాతి. గుండ్లకమ్మ నది చుట్టుపక్కల నేల ఈ జాతికి పుట్టిల్లు. ఇక్కడి నుంచి 19వ శతాబ్దంలోనే బ్రెజిల్‌కు పశువులు వెళ్ళాయి. నెల్లూరు పేరు మీదే అక్కడ నెలోర్ అన్నారు. 1960ల మొదట్లో వెళ్ళిన కోడెల్లో ఒకదాన్ని ఒంగోలు పక్కనున్న కరవది ఊరి పేరుతోనే పిలిచారు, నెలోర్ జాతి వంశవృక్షాల్లో కార్వాది అని ఇప్పటికీ కనిపిస్తుంది. అలాంటి నేల మీద ఉన్న ఆసుపత్రిలో తొలి అర్ధశతాబ్దం పని ఎక్కువ భాగం ఎద్దుల పనే. కాడి రాసుకుని మెడ మీద పుండు పడిన ఎద్దు, గిట్టలో ముల్లు దిగిన ఎద్దు, కొమ్ము క్యాన్సర్ వచ్చిన ఎద్దు. తెల్ల ఎడ్లకు కొమ్ము క్యాన్సర్ ఎక్కువ. కొమ్ము ఒక పక్కకు వాలుతుంది, ఆ వైపు ముక్కులోంచి నెత్తురు కారుతుంది, పశువు తల విదిలిస్తూ ఉంటుంది. కొమ్ము మొదలంటా కోసి తీసేసి కట్టు కట్టేవాళ్ళం.

వైద్యం చేసేటప్పుడు పశువును కదలకుండా నిలబెట్టే బోను ఆసుపత్రి ముందు ఉంటుంది, మీదీ అప్పటిదే అయి ఉంటుంది. ఇప్పుడు ఇనప గొట్టాలతో కడుతున్నారు కానీ పాతవి తుమ్మ మొద్దులతోనో టేకు దూలాలతోనో ఉండేవి. మీ దగ్గర చెక్క బోను మిగిలి ఉంటే దగ్గరికెళ్ళి చూడండి. పశువు మెడ ఆనే చోట చెక్క నున్నగా, అద్దంలా అరిగి ఉంటుంది. మందుల గది మూలలో రెండు పొడుగాటి పిడుల పట్టకారు లాంటిది తుప్పు పట్టి పడి ఉంటే అది బర్డిజో. ఇటలీవాళ్ళ పనిముట్టు. అంతకు ముందు కోడెలకు విత్తులు కొట్టడం అంటే రాతి మీద పెట్టి చెక్క సుత్తితో నలగ్గొట్టడమే, పశువు పడే యాతన చెప్పనలవి కాదు. బర్డిజోతో చర్మం తెగదు, నెత్తురు చుక్క రాదు. లోపలి నరం మాత్రం నలుగుతుంది. నా లెక్కలో ఈ ఆసుపత్రులు మన పశువులకు చేసిన పెద్ద ఉపకారాల్లో ఇదొకటి, దీని గురించి ఎవరూ రాయరు.

పాత మందుల పేర్లు చదివి కంగారుపడకండి. భేది ఉప్పు, మైలుతుత్తం, టర్పెంటైన్, అవిసె నూనె, ముష్టి గింజల పొడి, శొంఠి. కాంపౌండరు కల్వంలో నూరి పొట్లాలు కట్టేవాడు. రైతు ఇంటికి తీసుకెళ్ళి వెదురు గొట్టంతో పట్టేవాడు. ఇక జబ్బుల పేర్లు ఇంగ్లీషు పొడి అక్షరాల్లో ఉంటాయి. ఆర్.పి. అంటే పెద్దరోగం. హెచ్.ఎస్. అంటే గొంతువాపు, బి.క్యూ. అంటే జబ్బవాపు, ఎఫ్.ఎం.డి. అంటే గాలికుంటు, ఆర్.ఓ.పి. అంటే ఈనిన తర్వాత మాయ పడకపోవడం.

ఎండాకాలం చివర పేజీల్లో హెచ్.సి.ఎన్. అని కనిపిస్తే అక్కడ ఆగండి. అది నాము. మీ ప్రాంతంలో జొన్న ఎక్కువ. కోసిన మోళ్ళకు ఒక వాన తగిలితే పిలకలు లేస్తాయి, ఆ లేత పిలకల్లో సైనైడ్ విషం ఉంటుంది. ఆకలి మీదున్న పశువు నాలుగు నోళ్ళు మేసిందంటే చాలు, నిలబడ్డచోటే కూలిపోతుంది. 80ల మొదట్లో ఒక సాయంత్రం ఊరి మంద తోవ తప్పి పిలక జొన్నలో పడింది. నేను సైకిల్ మీద చేరేసరికి పదకొండు పశువులు చేలో అక్కడక్కడా పడి ఉన్నాయి. కొన్ని కాళ్ళు కొట్టుకుంటున్నాయి, నోట్లోంచి నురగ, కంటి రెప్ప తిప్పి చూస్తే ఎర్రగా మెరుస్తోంది. విరుగుడు సోడియం థయోసల్ఫేట్, మేం హైపో అంటాం. నా సంచిలో ఉన్నది మూడు నాలుగు పశువులకు సరిపడా మాత్రమే. అప్పుడు తట్టింది, ఫొటోలు కడగడానికి స్టూడియోవాళ్ళు వాడేదీ హైపోనే కదా అని. ఒక కుర్రాణ్ణి నా సైకిల్ మీద టౌనుకు పంపించాను. స్టూడియో ఆయన డబ్బా డబ్బానే ఇచ్చి పంపాడు, పైసా తీసుకోలేదు. ఉన్న మందు నరానికెక్కించాను. డబ్బాలోది నరానికి పనికిరాదు కాబట్టి నీళ్ళలో కలిపి, కడుపులో మిగిలిన విషం విరగడానికని, తేరుకుని మింగగలిగిన వాటికి గొట్టంతో పట్టించాం. లాంతర్ల వెలుగులో రాత్రి ఒంటిగంటకు ఏడు లేచి నిలబడ్డాయి. నాలుగు పోయాయి. మర్నాడు రిజిస్టర్లో నేను రాసింది ఒక్క వరస. జబ్బు హెచ్.సి.ఎన్., మొత్తం 11, మరణాలు 4. మీరు చదవబోయే వరసలన్నీ ఇలాంటివే, అందుకే ఇంత వివరంగా చెప్పాను.

1977 నవంబరు, డిసెంబరు పేజీలు పలచగా ఉంటే ఆశ్చర్యపోకండి. నవంబరు 19 రాత్రి దివిసీమ ఉప్పెన. నన్నూ అటు పంపారు. చచ్చిన పశువులను పూడ్చిపెట్టించడం, మిగిలినవాటికి గొంతువాపు టీకాలు వేయడం మా పని. ఆ రోజుల గురించి ఇంతకంటే రాయలేను.

ఇప్పుడు మీ పరిశోధనకు బాగా పనికొచ్చే కిటుకు ఒకటి చెబుతాను. మన రిజిస్టర్లలో పశువులను తెల్ల పశువులు, నల్ల పశువులు అని రెండు గడుల్లో రాసేవాళ్ళం. తెల్లవి ఆవులు, ఎద్దులు. నల్లవి గేదెలు, దున్నలు. ప్రతి పదేళ్ళకు ఒక ఏడాది తీసుకుని, ఆ రెండు గడుల మొత్తాలు మీరే కూడి ఒక కాగితం మీద వేసుకోండి. నేను పనిచేసిన చోట్ల 60ల వరకు తెల్ల గడి నిండుగా ఉండేది. ట్రాక్టర్లు వచ్చాక అది తగ్గుతూ వచ్చింది, పాలసేకరణ కేంద్రాలు వచ్చాక నల్ల గడి పెరుగుతూ వచ్చింది. ఊరి సేద్యం ఎద్దు నుంచి ట్రాక్టరుకు, రైతు ఇంటి రోజువారీ డబ్బు పంట నుంచి పాలకు ఎప్పుడు మారిందో ఆ రెండు గడులు చెప్పేస్తాయి. జనాభా లెక్కల్లో కూడా మీకు ఇంత సూటిగా దొరకదు. మీ ఆసుపత్రి చరిత్రకు వెన్నెముక ఇదే కావాలని నా అభిప్రాయం.

నల్ల గడి పెరిగిన కాలంలోనే ఎద సూదులు వచ్చాయి. కృత్రిమ గర్భధారణ మన దేశంలో 1939లో మైసూరులో మొదలైంది, మొదటి పంచవర్ష ప్రణాళికలో కీలక గ్రామ పథకంతో పల్లెలకు దిగింది. నేను చేరిన కొత్తల్లో వీర్యం ద్రవరూపంలో వచ్చేది. కోడిగుడ్డు సొన కలిపిన ద్రావణంలో, ఐసు పెట్టిన ఫ్లాస్కులో. జిల్లా కేంద్రంలో ఎక్కించిన ఫ్లాస్కును కండక్టరు మా బస్టాండులో దించేవాడు, అటెండరు సైకిలేసుకుని కాచుకుని ఉండేవాడు. బస్సు చెడిపోయిన రోజు ఫ్లాస్కు వేడెక్కేది, ఎదకొచ్చిన గేదెను పదిమైళ్ళు నడిపించుకొచ్చిన రైతును ఉత్తచేతులతో పంపాల్సి వచ్చేది. అతనికి అది ఇరవై ఒక్క రోజులు వెనక్కి పోవడం. ఆ తర్వాత ద్రవ నత్రజని కంటైనర్లు వచ్చి, మైనస్ 196 డిగ్రీల చలిలో గడ్డకట్టించిన వీర్యం సన్నటి గొట్టాల్లో నెలల తరబడి నిలవ ఉండడం మొదలైంది. నంద్యాలలో, విశాఖపట్నంలో ఘనీకృత వీర్య కేంద్రాలు వచ్చాయి. నాటు గేదెలకు ముర్రా (పాలు ఎక్కువిచ్చే గేదె జాతి) సంతతి పుట్టింది. గేదెల్లో మూగ ఎద ఎక్కువ, అరవదు, తెలియనివ్వదు. తెల్లవారుజామున వెనక నుంచి జారే జిగురు తీగ చూసి పసిగట్టేది ఇంటి ఆడవాళ్ళే. పొద్దున ఎదకొస్తే సాయంత్రం తోలుకురండి అని చెబితే గడియారం పెట్టుకున్నట్టు వచ్చేవారు. రిజిస్టర్లో మాత్రం యజమాని గడిలో మగవాళ్ళ పేర్లే ఉంటాయి.

సూది వేసిన గేదె ఈనేటప్పుడు అవస్థపడితే పిలుపు మాకే. గర్భసంచి మెలిక పడడం గేదెల్లో ఎక్కువ. ఒక వేకువజామున అలాంటి గేదె దగ్గరికి వెళ్ళాను. నొప్పులు మొదలై పది గంటలైంది, ఉమ్మనీరు రాలేదు. లోపల చెయ్యి పెడితే దారి మరమేకులా కుడివైపుకు తిరిగిపోయి ఉంది. దాన్ని విప్పాలంటే గేదెను మెలిక ఉన్న వైపుకే పడుకోబెట్టి, డొక్క మీద వెడల్పాటి పలక వేసి దాని మీద మనిషి బరువు ఆనించి, ఒంటిని అటువైపే గబాలున దొర్లించాలి. పలక అదిమి పెట్టడం వల్ల గర్భసంచి కదలదు, గేదె ఒళ్ళు తిరిగి మెలికను అందుకుంటుంది. పలక ఎక్కడుంది? ఇంటావిడ ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా వంటింటి తలుపు రెక్క ఊడదీయించి తెచ్చింది. ఎనిమిది మంది పట్టారు. మొదటిసారి దొర్లిస్తే విడలేదు. రెండోసారీ విడలేదు. మూడోసారికి లోపల ఉన్న నా చేతికి దారి సర్రున విచ్చుకున్నట్టు తగిలింది, మోచేతి దాకా ఉమ్మనీరు పొంగింది. దూడ బతికే ఉంది, పెయ్యదూడ. జున్నుపాలు చెంబు నిండా ఇచ్చి పంపారు.

జీవాల సంగతి వేరు. గొర్రెలు, మేకలు ఆసుపత్రికి రావు, మనమే మంద దగ్గరికి పోవాలి. అందుకే ఓపీ రిజిస్టర్లో అవి తక్కువ కనిపిస్తాయి. నట్టల మందు, చిటుకు రోగం టీకా, బొబ్బరోగం టీకా లెక్కల్లో వేలల్లో ఉంటాయి. వాటి కోసం టూర్ డైరీలు చూడండి.

పెద్దరోగం కథ ఎలా ముగిసిందో చెప్పకపోతే నా మనసు ఒప్పుకోదు, ఆసుపత్రిని పుట్టించింది అదే కాబట్టి. 90ల మొదట్లో మాకు కొత్త డ్యూటీ వేశారు. ఊరూరా తిరిగి, సంతల్లో, పశువులు నడిచే దారుల్లో వెతికి, పెద్దరోగం కనిపించిందా అని రాయాలి. నేను నెలల తరబడి రాసింది ఒకే మాట, లేదు. దేశంలో చివరి కేసు 1995లో నమోదైంది. ఆ తర్వాత టీకాలు కూడా ఆపించారు, ఎందుకంటే టీకా వేసిన పశువు నెత్తురులో కనిపించే రక్షణ టీకాదో రోగానిదో తేల్చలేం, రోగం లేదని రుజువు చెయ్యలేం. నలభై ఏళ్ళుగా వేస్తున్న టీకా ఆపమంటే ఎంత టెన్షన్ పడ్డామో! ఎక్కడైనా మళ్ళీ రాజుకుంటే? రాజుకోలేదు. 2006లో మన దేశానికి ఆ రోగం లేదని అంతర్జాతీయ గుర్తింపు వచ్చింది, 2011లో భూమి మీదే లేదని ప్రకటించారు. మనుషుల మశూచి తర్వాత మనిషి పూర్తిగా తుడిచిపెట్టిన రోగం ఇదొక్కటే. మీ ఊరి టీకాల రిజిస్టర్ ఆ పనిలో ఒక భాగం. ఆ చివరి పేజీల్లో "లేదు, లేదు" అని రాసి ఉన్న వరసలను తప్పకుండా మీ పుస్తకంలో అచ్చు వేయండి.

కొత్త కాలం గురించి ఎక్కువ చెప్పను, మీకే తెలుసు. 2000 ఆ చుట్టుపక్కల, ఊళ్ళోనే ఎద సూదులు వేసే గోపాలమిత్రలు వచ్చారు. ఇప్పుడు 1962 నంబరుకు ఫోన్ చేస్తే తెలంగాణలో 2017 నుంచి, ఆంధ్రలో 2022 నుంచి అంబులెన్సు ఇంటికే వస్తోంది. ఒక తప్పు మాత్రం నమోదు చేయాలి. నొప్పికీ జ్వరానికీ మేమంతా డైక్లోఫెనాక్ ధారాళంగా వాడాం. ఆ మందు ఒంట్లో ఉండగా చచ్చిన పశువును తిన్న రాబందులు కిడ్నీలు పాడై చచ్చిపోయాయి. 2006లో పశువులకు ఆ మందు ఆపమన్నారు, మెలాక్సికామ్‌కు మారాం. నా చిన్నప్పుడు ఊరి చివర కళేబరాల దగ్గర దిగే రాబందులు ఇప్పుడు లేవు. అందులో మా చేతులూ ఉన్నాయి.

ఇక బయటి కాగితాలు. మీ జిల్లా 1970లో గుంటూరు, నెల్లూరు, కర్నూలు జిల్లాల ముక్కలతో ఏర్పడింది, 1972లో ప్రకాశం పేరు పెట్టారు. మీది ఒంగోలు, అద్దంకి వైపైతే పాత కాగితాలు గుంటూరు లెక్కల్లో ఉంటాయి. కందుకూరు, దర్శి, పొదిలి వైపైతే నెల్లూరు. మార్కాపురం, గిద్దలూరు వైపైతే కర్నూలు. ఒంగోలు కూడా 1904లో గుంటూరు జిల్లా ఏర్పడక ముందు నెల్లూరులోనే ఉండేది. మద్రాసు ప్రెసిడెన్సీ పశువైద్య శాఖ వార్షిక నివేదికలు చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్‌లో చూడాలి. తాలూకా బోర్డు, జిల్లా బోర్డు తీర్మానాల్లో స్థలం ఇచ్చిన సంగతి ఉండవచ్చు, 1959 తర్వాతైతే పంచాయతీ సమితి మినిట్స్ వెతకండి. తెలంగాణ నుంచి ఇలాంటి పని పెట్టుకునేవాళ్ళకు దారి వేరు. నిజాం రాజ్యానికి సొంత శాఖ ఉండేది, తార్నాకలోని ఆర్కైవ్స్‌లో పాత ఫైళ్ళు చాలా వరకు ఉర్దూలో ఉంటాయి, చదివిపెట్టేవారిని వెంట తీసుకెళ్ళండి.

ఊళ్ళో ఇంకో చిన్న ఆధారం, బందెలదొడ్డి. చేలో పడిన పశువులను కట్టేసే ఆ దొడ్డి చాలా ఊళ్ళలో ఆసుపత్రికి పక్కనే ఉండేది. దాని సర్వే నంబరు పట్టుకుంటే ఆసుపత్రి స్థలం ఎవరిదో, ఎవరు రాసిచ్చారో తహశీల్దారు కార్యాలయంలో తేలే అవకాశం ఉంది.

పెంకులు దించే ముందు బోను కొలతలు తీసుకోండి, నాలుగు వైపుల నుంచీ ఫొటో తీయండి. రిటైరైన అటెండర్లు ఎవరైనా బతికి ఉంటే వాళ్ళను ఆ బోను దగ్గరికే తీసుకొచ్చి కూర్చోబెట్టి అడగండి. ఇంట్లో కూర్చుని అడిగితే తేదీలు చెబుతారు. అక్కడ నిలబడితే పశువులు గుర్తొస్తాయి. ఏదైనా పేజీలో పొడి అక్షరాలు అర్థం కాకపోతే ఫొటో పెట్టండి, చదివి చెబుతాను.